బొటనవేలి శిలువ

మా అక్క జ్ఞాపకార్థం పెట్టిన కూటంలో ఒకాయన లేచి, ఆమె వేళ్ళలో దేవదూతలు కాపురం ఉండేవారని అన్నాడు. తరవాత లేచినాయన ఆ దేవదూతలకి రెక్కలు కూడా తొడిగాడు. ఇంకొకాయన, ఆమె ఎవరి దగ్గరా ఏమీ నేర్చుకోలేదనీ, సంగీతం ఆమెకి తల్లి కడుపులోనే అబ్బిందనీ చెప్పి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ తలలూపారు. నేను ముందు బల్ల మీద కూర్చుని నా చేతులు చూసుకుంటూ ఉండిపోయాను.

ఆ వేళ్ళని నేను చిన్నప్పటినించీ చూశాను. వాటిలో దేవదూతలు నాకెప్పుడూ కనపడలేదు. కుడిచేతి బొటనవేలి మొదట్లో వాపు కనపడేది. దానికి ఆముదం రాసుకుని గుడ్డ చుట్టుకునేది. అన్నం కలుపుకోవడానికి కూడా ఇబ్బంది పడి, ముద్ద చేతిలో చెదిరిపోతే ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసేది. తల్లి కడుపులో అబ్బిన విద్యకి ఆముదం ఎందుకో ఆ పెద్దమనిషిని అడగవలసింది. అడగలేదు. దుఃఖంలో ఉన్నవాడి ఎదుట అబద్ధం చెప్పడం మర్యాద అని, విన్నవాడు దాన్ని కాదనకపోవడం ఇంకా పెద్ద మర్యాద అని మా సంఘంలో ఒక ఏర్పాటు ఉంది.

నేను మిషను బడిలో తెలుగు చెబుతాను. పిల్లలకి అలంకారాలు వివరించడం నా ఉద్యోగంలో భాగం. వాటి మీద నాకు నమ్మకం తక్కువ కావడానికి అదీ ఒక కారణం కావచ్చు. ఏమీ తెలియని చోటే మనిషి ఉపమానం వెతుక్కుంటాడు. మా అక్క చెయ్యి ఏం చేసేదో తెలిసినవాడెవడూ దేవదూతల జోలికి పోడు.

ఆ చెయ్యి ఏం చేసేదో చెప్పాలంటే ముందు ఒక పాట గురించి చెప్పాలి.

మా గుడిలో అందరికీ ఇష్టమైన పాట ఒకటుంది. మాటలు మా పాత పాదిరిగారు రాసినవి. వరస దొరల దేశంలోది. పల్లవి "నను విడువకుమో నావికుడా" అని మొదలవుతుంది. కాలవల మీద పడవల్లో తిరిగే మా వాళ్ళకి ఆ మాట సూటిగా తగిలింది. పెళ్ళికీ అదే, చావుకీ అదే, వానలు రాకపోయినా అదే. వరస సులువైనది. మొదటి అయిదు అక్షరాలకీ స్వరం ఒక్కొక్క మెట్టే పైకి ఎక్కుతుంది. న, ను, వి, డు, వ. మెట్లెక్కినట్టు ఎక్కి, ఆ ఊపులోనే ఇంకా పైకి పోయి, తరవాత మెల్లగా దిగుతుంది.

గుడిలో కాళ్ళతో తొక్కి వాయించే హార్మోనియం ఒకటి ఉంది. దాని ముందు ఆదివారం ఆదివారం కూర్చునేది మా సంఘ పెద్ద. ఆయన కాలవ లాకుల దగ్గర గుమాస్తాగా చేసి ఉద్యోగం విరమించినవాడు. సంఘంలో చేరకముందు, వయసులో ఉన్నప్పుడు, పెద్దాపురం జాతరకి వచ్చిన నాటకాల వాళ్ళ పక్కన కూర్చుని, విని, హార్మోనియం పట్టుకున్నాడట. ఆ 'విని' అనే మాటని ఆయన ఎంతో ఒత్తి పలికేవాడు. "నాకు గురువు లేడండి" అని కొత్తవాళ్ళెవరు వచ్చినా చెప్పేవాడు. అప్పులు లేవని చెప్పుకునేవాళ్ళ గొంతులో ఉండే ధీమా అందులో ఉండేది.

గురువు లేడన్న సంగతి ఆయన చెప్పనక్కర్లేదు. వింటే తెలిసేది. ఆయన నాలుగు వేళ్ళతో వాయించేవాడు. బొటనవేలు హార్మోనియం మెట్ల కిందికి వేలాడుతూ ఉండేది, పనిలేని అల్లుడిలాగా. దాని గురించి ఆయనకి ఒక సిద్ధాంతం కూడా ఉంది. మనం లెక్కపెట్టేటప్పుడు బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు లెక్కపెడతాం కదా, కాబట్టి బొటనవేలు లెక్కించేదే కానీ లెక్కలోకి వచ్చేది కాదు, అది యజమాని, దానిచేత పని చేయించడం దొరల అలవాటు అనేవాడు. వినడానికి బాగుంటుంది. చెడ్డ సిద్ధాంతాలన్నీ వినడానికి బాగానే ఉంటాయి.

నాలుగు వేళ్ళతో నాలుగు మెట్లు ఎక్కవచ్చు. చూపుడు వేలు న, నడిమి వేలు ను, ఉంగరపు వేలు వి, చిటికెన వేలు డు. అక్కడికి ఆయన దగ్గర ఉన్న వేళ్ళు అయిపోయాయి. పాట మాత్రం అయిపోలేదు. ఇంకొక మెట్టు ఎక్కాలి. అందుకని ఆయన చెయ్యి ఎత్తి, పక్కకి జరిపి, చూపుడు వేలు 'వ' మీద పెట్టేవాడు. చెయ్యి ఎత్తితే హార్మోనియం పలకదు. తిత్తి ఊపిరి మాత్రం వినపడుతుంది. ఆ సందులో ఆయన కళ్ళు మూసుకుని గడ్డం పైకెత్తేవాడు. అది చూసి జనం కూడా ఆగేవారు. కొన్నాళ్ళకి ఆయన కోసం ఆగడం మానేసి వాళ్ళంతట వాళ్ళే ఆగడం నేర్చుకున్నారు. పిల్లలు అలాగే విని అలాగే పాడారు. పొలంలో, వాయిద్యం లేని చోట కూడా, నాట్లు వేసే ఆడవాళ్ళు "నను విడు" అని ఆగి, ఊపిరి తీసుకుని, "వకుమో నావికుడా" అని అందుకునేవారు.

ఈ సంగతి మొదట విన్నది మా అక్క. అప్పటికి ఆమెకి ఇంకా ఓణీ వెయ్యలేదు. గుడినించి ఇంటికి వస్తూ కాలవగట్టు మీద నన్ను ఆపింది.

"ఒరే, మనం ఏం పాడుతున్నామో విన్నావా? నను విడు అంటున్నాం. వదిలెయ్యి అని. ఆదివారం ఆదివారం గుడికెళ్ళి, వదిలెయ్యి నాయనా అని మొరపెట్టుకుని వస్తున్నాం."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"వకుమో అంటే ఏంట్రా? నీకు తెలుగు వచ్చుగా, చెప్పు."

వకుమో అంటే ఏమీ లేదు. ఈనాటికీ ఏమీ లేదు.

అక్క మిషను బంగళాకి వెళ్ళడం మొదలుపెట్టింది పియానో కోసం కాదు, లేసు అల్లిక కోసం. అక్కడి దొరసాని ఊళ్ళో ఆడపిల్లలని వరండాలో కూర్చోబెట్టి లేసు నేర్పేది. కుట్టు తప్పితే మొహమాటం లేకుండా విప్పేసేది. ఒక పిల్ల చక్కగా లేసు అల్లితే, ఆ పిల్ల వేళ్ళలో దేవదూతలున్నారని ఎవరూ అనలేదు. బాగా నేర్చుకుంది అన్నారు. ద్రాక్షారామం గుడిలో సన్నాయి వాయించే ఆయన్ని చూసి కూడా ఎవరూ గురువు లేడని మెచ్చుకోరు. తండ్రి ఎన్నేళ్ళు చావగొట్టి నేర్పాడో చెప్పుకుని మెచ్చుకుంటారు. మా గుడి గడప దాటి లోపలికి వచ్చాక మాత్రం నేర్చుకోవడం ఒక లోపం, రాకపోవడం ఒక వరం అయిపోయింది.

బంగళా హాల్లో పియానో ఉండేది. ఓడలో కాకినాడకి వచ్చి, అక్కడినించి పడవలో కాలవ మీద వచ్చిన పెట్టె అది. వానాకాలంలో చెమ్మకి మెట్లు ఉబ్బి, నొక్కినవి నొక్కినట్టే ఉండిపోయేవి. దొరసాని దాని అడుగున దీపం పెట్టించి ఆరబెట్టేది. అక్క లేసు అల్లుతూ అటే చూస్తూ ఉండడం దొరసాని గమనించి ఒకరోజు లోపలికి పిలిచింది. అక్క నేరుగా వెళ్ళి మన పాట పల్లవి వాయించిందట, నాలుగు వేళ్ళతో, సంఘ పెద్దలాగే. 'డు' దగ్గర చెయ్యి ఎత్తబోతుంటే దొరసాని ఆ చెయ్యి పట్టుకుని, ఈసారి బొటనవేలితో 'న' మొదలుపెట్టించి, ఉంగరపు వేలు 'డు' మీదికి రాగానే ఆ బొటనవేలు తీసి దాని కిందనించి దూర్చి 'వ' మీద పెట్టిందట.

దొరసాని తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకున్న తెలుగు. అక్క దాన్ని అలాగే అప్పగించి చూపించేది. "అమ్మాయీ, బొటనవేలు పరుగెత్తుకొని రాకూడదు. పైన ఉన్నవారు పని చేయుచుండగానే అది కిందుగా వచ్చి, ముందుగా నిలుచుండవలెను."

అంతే విద్య. చెప్పడానికి ఒక్క ముక్క. అది చేతికి రావడానికి ఎంతకాలం పట్టిందో ఇంట్లో ఉన్న మాకు తెలుసు. దొరసాని అక్క చేతి మీద ఒక రాగి డబ్బు పెట్టేదట. బొటనవేలు కిందికి దూరేటప్పుడు చెయ్యి కదిలి అది పడితే మళ్ళీ మొదటినించి. ఇంట్లో అక్క చింతపిక్క పెట్టుకునేది. బల్ల అంచు మీద, చాట అంచు మీద, మంచం పట్టె మీద వేళ్ళు నడుస్తూనే ఉండేవి. చింతపిక్కలు ఇంటినిండా దొర్లేవి.

మా అమ్మకి ఇదేమీ నచ్చలేదు. "బియ్యంలో రాళ్ళు ఏరమంటే చాట మీద పీతలాగా పాకుతున్నావేంటే?" అనేది.

"పీత పక్కకి నడుస్తుందమ్మా. నేను పైకి నడుస్తున్నాను," అనేది అక్క.

ఒకసారి నేను, ఈ వేలు ఎక్కడుందో కనపడటం లేదే అన్నాను. ఆమె చాలా సంతోషించింది. "కనపడకూడదురా. కనపడితే రానట్టు. వినపడితే ఇంకా రానట్టు." నా జీవితంలో సాహిత్యం గురించి నేను విన్న మంచి మాటల్లో అదొకటి. అన్నది సాహిత్యం గురించి కాదు.

చేతికి పట్టుబడ్డాక ఒకరోజు దొరసాని నన్ను కూడా హాల్లోకి రానిచ్చింది. అక్క పల్లవి వాయించింది. నను విడువకుమో. అక్షరానికీ అక్షరానికీ మధ్య గోరు దూరే సందు లేదు. ఒక మాట, దాని అర్థంతో సహా, ఒక ముక్కగా విన్నాను. గొప్ప అనుభూతి ఏమీ కలగలేదు. చిరిగిన బట్ట కుట్టి ఇస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. అంతకంటే ఎక్కువ కావాలనుకునేవాళ్ళు దేవదూతల దగ్గరికి వెళ్ళవచ్చు.

దొరసాని స్వదేశం వెళ్ళిపోతూ తన స్వరాల పుస్తకం గుడికి ఇచ్చింది. ఇచ్చేముందు అక్క కోసం పెన్సిలుతో వేళ్ళ గుర్తులు వేసింది. ఆమె నేర్చుకున్న పద్ధతిలో చూపుడు వేలు ఒకటి, నడిమి వేలు రెండు, అలా నాలుగు దాకా అంకెలు. బొటనవేలికి అంకె లేదు. దానికి గుర్తు ఒక నిలువు గీత, దాని మీద అడ్డ గీత.

క్రైస్తవ సంఘంలో అలాంటి గుర్తు వేసి వదిలి వెళ్ళడం ప్రమాదమని ఆవిడకి తట్టి ఉండదు.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అప్పటికి నేను బడిలో కొత్తగా చేరాను. అక్క నా పక్కనే ఉంది. ఆయన మొహం వెలిగిపోతోంది. పుస్తకంలో స్వరాలు ఆయనకి చదవడం రాదు, కానీ కింద పాట మాటలు తెలుగులో రాసి ఉన్నాయి.

"ఇదిగోండి మాస్టారూ, ఇలా చూడండి. నేను ఇన్నేళ్ళూ ఎక్కడ ఆగుతున్నాను? 'విడు' దగ్గర. దాని పక్కన ఏముందండి? శిలువ. దొరసానిగారి చేత్తో వేసిన శిలువ. నాకెవరు చెప్పారండీ? లోపలినించి వచ్చింది."

"అది బొటనవేలి గుర్తండి," అంది అక్క. "అక్కడ బొటనవేలు పెట్టాలని."

ఆయన ఆమె వైపు జాలిగా చూశాడు.

"శిలువ మీద బొటనవేలు పెట్టమంటావేంటమ్మా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అక్క మళ్ళీ చెప్పబోయింది. అంకెలు చూపించింది. నాలుగు దాకా అంకెలున్నాయి, అయిదో వేలికి గుర్తు ఉండాలి కదా అంది. ఆయన ఓపికగా విన్నాడు. విని, తన చెయ్యి పైకెత్తి, బొటనవేలితో చూపుడు వేలి కణుపు ముట్టుకుని, "లెక్కించేది లెక్కలోకి రాదమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రం కూటంలో ఆయన దీని మీద ప్రసంగమే చేశాడు. శిలువ ఎదురైన చోట భక్తుడు ఆగాలి, ఆగి తల వంచాలి అన్నాడు. అంటే అప్పటిదాకా చేతకాక ఆగినవాడు ఆనాటినించి భక్తితో ఆగాడు. పాట మొదటి మెట్టు మీద కూడా శిలువ ఉంది. దానికి ముందు ఆగడానికేమీ లేదు కనుక, ప్రార్థనతో మొదలుపెట్టమని అర్థం చెప్పాడు. పుస్తకంలో పంక్తికి రెండు మూడు శిలువలున్న పాటలు బోలెడున్నాయి. వాటికి ఈ నియమం వర్తింపజేయలేదు. వర్తింపజేస్తే ఉదయం ఆరాధన పొద్దుగుంకే దాకా సాగేది.

వాళ్ళ తరవాత మిషనుకి వచ్చిన దొర కొత్తవాడు, తెలుగు అంతంత మాత్రం. ఆ ఆగడం మన దేశపు ఆచారమనుకున్నాడు. చాలా కదిలిపోయాడు. ఆయన కూడా ఆగి తల వంచడం మొదలుపెట్టాడు. దాంతో ఇక ఎవరూ ఏమీ అనడానికి లేకుండా పోయింది.

అక్క పెళ్ళి చేసుకుని వెళ్ళింది. కొద్దికాలానికే భర్త పోయి మా ఇంటికి తిరిగి వచ్చింది. ఆమెకి ఆ రోజుల్లో కావలసింది ఒక్కటే. గుడిలో ఆ బల్ల మీద కూర్చుని, ఆ మాట విరక్కుండా సంఘం చేత ఒక్కసారి పాడించాలి. అంతకంటే పెద్ద కోరికలు కోరుకునే అవకాశం ఆమెకి లేకపోయింది, ఉన్నా కోరుకునేది కాదేమో.

ఒక ఆదివారం సంఘ పెద్దకి చలిజ్వరం వచ్చింది. అక్కని వాయించమన్నారు. ఆమె చేతులు కొంగుతో తుడుచుకోవడం చూశాను. పల్లవి మొదలుపెట్టింది. సంఘమంతా 'విడు' దగ్గర నోరు మూసింది. హార్మోనియం ఆగలేదు. 'వ' పలికింది, 'కు' పలికింది. జనం కళ్ళు తెరిచేసరికి పాట వాళ్ళని వదిలేసి కొంత దూరం వెళ్ళిపోయింది. కొందరు పరిగెత్తి అందుకున్నారు, కొందరు తమ చోటునించే పాడారు. దొర ఒక్కడు వంచిన తల ఎప్పుడెత్తాలో తెలియక అలాగే ఉండిపోయాడు.

బయటికి వచ్చాక ఒక ముసలామె అక్క చెయ్యి పట్టుకుంది. "ఊపిరాడనివ్వలేదు తల్లీ. తరుముకొచ్చావు."

జ్వరం తగ్గాక సంఘ పెద్ద ఓదార్చడానికి ఇంటికి వచ్చాడు. మజ్జిగ తాగాడు. "నీది చదువుకున్న చెయ్యమ్మా. మాది ప్రార్థన చేసే చెయ్యి. కోపం తెచ్చుకోకు. ఇకమీద అక్కడ కాస్త ఆగావంటే నేనే నిన్ను కూర్చోబెడతాను," అన్నాడు.

"ఆగనండి," అంది అక్క. "అక్కడ ఆగితే మాట చస్తుంది."

"మాటదేముందమ్మా, భావం ముఖ్యం."

తెలుగు చెప్పుకుని బతికేవాడి ఇంట్లో కూర్చుని, మజ్జిగ తాగి, ఆ మాట అని వెళ్ళాడు ఆ మనిషి. మాట విరిగితే భావం ఎక్కడ నిలబడుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. పుస్తకాల్లో వెతికాను. ఎవరూ చెప్పలేదు.

మళ్ళీ ఆ బల్ల ఆమెకి దక్కలేదు. ఆడపిల్లల బోర్డింగులో పిల్లలకి పాట నేర్పే పని దొరికింది. అక్కడ ఎలకలు తిత్తి కొరికిన పాత హార్మోనియం ఒకటుంది. అక్క దానికి మేకతోలు అతికించింది. నేర్చుకుంటామన్న పిల్లల చేతుల మీద చింతపిక్కలు పెట్టింది. కొందరు ఏడ్చి మానేశారు. ఏడ్చి మానని వాళ్ళు కొందరు మిగిలారు. మెట్లు ముట్టుకోని పిల్లలు కూడా, ఆగని వాయిద్యం పక్కన నిలబడి పాడీ పాడీ, ఆ మాటని ముక్కలు చెయ్యడం మరిచిపోయారు. ఇళ్ళకి వెళ్ళినప్పుడు తల్లులు వాళ్ళని మందలించేవారు, దేవుడి పాట అలా గబగబా పాడకూడదని.

అక్కకి దగ్గు పట్టుకుంది. మొదట వానలదన్నారు, తరవాత ఎండలదన్నారు. చివరికి ఏ కాలానిదీ కాదని తెలిసింది. మంచం దిగలేని రోజుల్లో కూడా దుప్పటి మీద కుడిచెయ్యి కదులుతూ ఉండేది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, చాలా మామూలుగా, గిన్నె ఎక్కడ పెట్టాలో చెప్పినట్టు చెప్పింది.

"నా మీద ఆ పాట పాడతారురా. పాడకుండా ఉండరు. ఆ మాట విరగ్గొట్టనివ్వకు. బతికున్నంతకాలం ఊరుకున్నాను. పెట్టెలో పడుకున్నదాని ముందు నిలబడి, వదిలెయ్యి వదిలెయ్యి అని పాడతారా?"

చూస్తానన్నాను. ఆమె నా మొహం చూసి, నా మాటకున్న విలువ ఎంతో సరిగ్గానే అంచనా వేసుకున్నట్టుంది. చిన్నగా నవ్వి అటు తిరిగింది.

ఆమె పోయిన రోజు ఉదయమే సంఘ పెద్ద వచ్చాడు. గుడిలో ఆరాధన, ఆ తరవాత సమాధుల దొడ్డికి. అంతా ఆయనే ఏర్పాటు చేశాడు. ఆ విషయంలో ఆయనకి లోటు చెప్పకూడదు. నేను ఆయన్ని పక్కకి పిలిచి, వాయించడానికి అక్క దగ్గర నేర్చుకున్న పెద్దపిల్లని కూర్చోబెట్టమని అడిగాను. అది అక్క కోరిక అన్నాను.

"అదేం మాటండీ. మన బిడ్డకి నేను వాయించకపోతే ఎవరు వాయిస్తారు? ఆ పిల్ల చెయ్యి వణుకుతుంది."

"పోనీ మీరే వాయించండి. 'విడు' దగ్గర మాత్రం ఆగకండి."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. "మాస్టారూ, ఇవాళ కూడా ఆగకపోతే ఇంకెప్పుడు ఆగుతామండీ?"

ఆయనకి రాదు, చేతకాదు, అయిదో వేలు లేదు. అది ఒప్పుకోవడం కంటే సిద్ధాంతం చెప్పడం ఆయనకి తేలిక. ఇంతకాలానికి ఆ తేడా ఆయనకే తెలియకుండా పోయింది. తెలిసి మోసం చేసేవాడితో మాట్లాడవచ్చు. ఈయనతో ఏం మాట్లాడతాం?

పెట్టె గుడిలో పెట్టారు. బోర్డింగు పిల్లల్ని ముందు చాపల మీద కూర్చోబెట్టారు. వాళ్ళ వెనక ఆడవాళ్ళు, ఇటు మగవాళ్ళు. దొర ప్రార్థన చేశాడు. సంఘ పెద్ద హార్మోనియం తొక్కడం మొదలుపెట్టాడు. నాలుగు మెట్లు ఎక్కాడు. నను విడు.

చెయ్యి లేచింది. తిత్తి ఊపిరి వినపడింది. గుడి గుడంతా, నాకు తెలిసిన ప్రతి మొహమూ, కళ్ళు మూసుకుని నోరు మూసింది. ఆమె పెట్టె ముందు నిలబడి అంతమంది ఆ ముక్క అన్నారు. నేను నేల వైపు చూశాను.

ఆ సందులో పిల్లల గొంతులు వినపడ్డాయి. వకుమో. గట్టిగా ఏమీ కాదు. ఎవరినీ ఎదిరిస్తున్నట్టు కాదు. వాళ్ళకి నేర్పింది అంతే. అక్కడ ఆగాలని వాళ్ళకి తెలియదు. వాయిద్యం లేదు, పెద్దలు లేరు, ఆ సన్నగొంతులు మాత్రం మాటని ఇవతలినించి అవతలికి మోసుకుపోయాయి. పెద్దలు కళ్ళు తెరిచి వెనక అందుకున్నారు. చరణం పూర్తయి మళ్ళీ పల్లవి వచ్చింది. మళ్ళీ అలాగే. ఒకామె వంగి ఒక పిల్ల వీపు మీద తట్టింది, ఆగమని. ఆ పిల్ల వెనక్కి తిరిగి అర్థంకానట్టు చూసి, పాడుతూనే ఉంది. పెద్దపిల్ల కళ్ళు పెట్టె మీదున్నాయి. ఒళ్ళో కుడిచెయ్యి పరికిణీ మడత మీద కదులుతోంది. నాలుగో అక్షరం దగ్గర దాని బొటనవేలు ఎక్కడుందో నాకు కనపడలేదు.

సమాధుల దొడ్డినించి తిరిగి వస్తుంటే సంఘ పెద్ద నా పక్కన నడిచాడు. దారిలో బురదగా ఉంది, నెమ్మదిగా నడవమని నన్ను హెచ్చరించాడు. నన్ను నొప్పించకుండా అనాలని జాగ్రత్తపడుతూ అన్నాడు.

"పిల్లలు కాస్త తొందరపడ్డారండి. దుఃఖంలో ఉన్నారు పాపం, ఎవరూ తప్పు పట్టరు."

"తొందరేమీ లేదండి," అన్నాను. "వాళ్ళకి బొటనవేలుంది."

ఆయన ఒక క్షణం ఆలోచించి నవ్వాడు. అంత దుఃఖంలోనూ హాస్యమాడగలిగినందుకు నన్ను మెచ్చుకున్నాడు. ఆ సంగతి జ్ఞాపకార్థ కూటంలో కూడా చెప్పాడు, దేవదూతల సంగతి అయ్యాక.